మన అర్జీ మన వేళ్లతోనే రాసుకుందాం

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. తరతరాలుగా ఊరి భూమి లెక్కంతా ఒక ఇంటి కలంలో బందీగా ఉండేది. ఆ కలం పోయింది. మరి రాసే అధికారం వాడకు వచ్చిందా? రాలేదు. కలం కీబోర్డుగా మారి ఇంకొకడి బల్ల మీద కూర్చుంది, అంతే. 2011లో మీసేవ వచ్చింది. తెలంగాణలో 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చాయి. కుల సర్టిఫికెట్టు కావాలన్నా, పట్టా చూసుకోవాలన్నా, స్కాలర్‌షిప్పు దరఖాస్తు పెట్టాలన్నా కంప్యూటర్ తెర ముందుకే పోవాలి. తెర ముందు కూర్చునేదెవరు? వెనక నిలబడి మెడ సాచి చూసేదెవరు? జవాబు ఊళ్లో అందరికీ తెలుసు.

"కంప్యూటర్‌తో కులం పోతుందా?" అని కొందరు మిత్రులు ఎకసెక్కం చేస్తారు. పోదు. టైపింగు నేర్చినంత మాత్రాన భూమి రాదు, కేసు గెలవదు. కానీ మన మాట మన మాటగానే కాగితం మీదికి ఎక్కాలా, వద్దా? అసలు సంగతి అది.

ఒక్క ఉదాహరణ చూడండి. దెబ్బలు తిన్న మనిషి టైపు సెంటరుకు పోయి, "కులం పేరు పెట్టి తిట్టాడు, నలుగురిలో చెప్పుతో కొట్టాడు" అని చెప్తాడు. టైపు కొట్టేవాడు కూడా ఆ ఊళ్లో బతకాల్సినవాడే. రేపు పెద్దమనిషి మొహం చూడాల్సినవాడే. కాగితంలో "మాటా మాటా పెరిగి తోపులాట జరిగింది" అని పడుతుంది. చదవడం రాని మనిషి నమ్మి వేలిముద్ర వేస్తాడు. తర్వాత కోర్టులో ఆ కాగితాన్నే పట్టుకుని నిలదీస్తారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్‌కు చేసిన సవరణ 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసు అధికారి రాసుకుని, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. నకలు వెంటనే ఇవ్వాలి. హక్కు ఉంది. జరిగింది జరిగినట్టు మనమే టైపు చేసిన కాగితం చేతిలో ఉంటే ఆ హక్కుకు నడుం నిలబడుతుంది.

2005 సమాచార హక్కు చట్టమూ అంతే. తెలుగులో రాసి అడగొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబియ్యాలి. రాయలేని మనిషి నోటితో అడిగితే రాతలో పెట్టడానికి ఆ అధికారే సాయపడాలని చట్టం చెప్తుంది. ఎంతమంది సాయపడుతున్నారో మనకు తెలీదా?

సర్కారు నేర్పలేదా అంటే, నేర్పింది. 2017లో కేంద్రం ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అని పెట్టింది. 6 కోట్ల పల్లె కుటుంబాల్లో ఇంటికొకరికి 20 గంటల పాఠం. 2024 మార్చితో ఆ పథకం ముగిసింది. పాఠాల బరువంతా ఫోను తెరవడం, ఇంటర్నెట్ చూడడం, డబ్బు చెల్లించడం మీదే పడింది. డబ్బు పంపడం నేర్చిన చెయ్యి అర్జీ రాయడం ఎప్పుడు నేర్చుకోవాలి? 2017–18 జాతీయ నమూనా సర్వేలో కంప్యూటరున్న ఇళ్లు పట్టణాల్లో నూటికి 23.4, పల్లెల్లో 4.4. ఆ నాలుగిళ్లు ఊళ్లో ఏ వీధిలో ఉంటాయో వేరే చెప్పాలా?

"ఫోను ఉంది గదా, నోటితో చెప్తే అదే రాస్తుంది" అంటారు పిల్లలు. మంచిదే, వాడండి. కానీ ఇంటిపేరు తప్పు పడితే, సర్వే నంబరులో ఒక అంకె మారితే దిద్దేదెవరు? దిద్దడం రావాలంటే మీటలు తెలియాలి.

అదేమన్నా బ్రహ్మవిద్యా? కాదు. తెలుగు టైపుకు ఇన్‌స్క్రిప్ట్ అనే అమరిక ఉంది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు. షిఫ్ట్ పట్టుకుని 'డి' మీట కొడితే అ. 'కె' కొడితే క. ఊరికే 'డి' కొడితే పొల్లు. మళ్లీ 'కె' కొట్టండి. "అక్క" వచ్చేసింది. బడిలో గుణింతం దిద్దినవాళ్లెవరికైనా ఇది అందుతుంది. రోజుకో గంట కూర్చుంటే వేళ్లకు దారి దొరుకుతుంది. రాసేందుకు లిబ్రెఆఫీస్ రైటర్ ఉంది, పైసా ఖర్చు లేదు.

ఒక్క జాగ్రత్త. యూనికోడ్‌లోనే కొట్టండి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది. డీటీపీ సెంటర్ల పాత ఫాంట్లలో కొట్టిన ఫైలు, ఆ ఫాంటు లేని మిషన్లో పిచ్చిగీతలై కనపడుతుంది. పదేళ్ల తర్వాత కూడా మన అర్జీ మనం చదువుకోగలగాలి. నాలుగు వాక్యాలకోసారి కంట్రోల్ పట్టుకుని 'ఎస్' కొట్టండి, కరెంటు పోయినా రాత పోదు. తారీఖు వేసి రెండు కాపీలు తీయండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. సెంటరులో కొట్టిస్తే మీ ఫైలు, ఆధార్ నకలు అక్కడి మిషన్లో వదిలి రావద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

బాబాసాహెబ్ 1920 జనవరి 31న మూక్‌నాయక్ పత్రిక ఎందుకు మొదలుపెట్టారు? నోరులేనివాళ్ల మాట ఇంకొకరి పత్రికలో పడదని తెలిసే. డబ్బిస్తామన్నా ఆ పత్రిక ప్రకటన వేసుకోవడానికి కేసరి ఒప్పుకోలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1931లో భాగ్యనగర్ పత్రిక తెచ్చారు. అచ్చు కోసం ఆ పెద్దలు అంత తిప్పలు పడ్డారు. ఇవాళ ఆ అచ్చు మన వేళ్ల కిందికే వచ్చింది. ముట్టుకోకుండా కూర్చుందామా?

కార్యకర్తలకూ ఒక మాట. సంఘం లెటర్‌ప్యాడు, ఈమెయిలు, పాస్‌వర్డు అన్నీ చదువుకున్న ఒక్క తమ్ముడి జేబులో ఉంటే అది మరో కరణీకమే. అతను పట్నం పోతే సంఘం మూగదవుతుంది. మీటింగుల్లో జనాన్ని తెచ్చేది ఆడవాళ్లు, తీర్మానం రాసేది మగవాళ్లు. ఇది ఇంకెన్నాళ్లు? కమ్యూనిటీ హాలులో ఒక పాత కంప్యూటరు పెట్టండి. మొదటి కుర్చీ ఆడపిల్లలకివ్వండి. ఊరికి కనీసం ఐదుగురు తయారు కావాలి. నేర్చిన ప్రతివాళ్లూ ఇంకొకరికి నేర్పాలి. మొదటి పాఠంగా ఊరి శ్మశానం దారి గురించో, ఆగిన కూలి డబ్బుల గురించో నిజమైన అర్జీయే కొట్టించండి. నేర్చుకోవడమూ, అడగడమూ ఒకే రోజు మొదలు కావాలి.