లెక్కకు రాని పరుగు

పనిమనిషి కూతురు పతకం తెచ్చింది. యర్రాజి జ్యోతి గురించి మన పత్రికలు రాసిన కథ దాదాపు ఇంతే. విశాఖపట్నంలో తల్లి ఇళ్ళల్లో పనిచేస్తూ ఆసుపత్రిలో ఊడ్చే పనికి కూడా వెళ్ళేది, తండ్రి సెక్యూరిటీ గార్డు, ఆ పేదరికాన్ని గెలిచి అమ్మాయి ఆసియా విజేత అయింది. చదివి కళ్ళు తుడుచుకుంటాం. ఆ తల్లికి జీతం ఎంత ఇచ్చారని మాత్రం ఎవరూ అడగరు. కన్నీళ్ళకి ఖర్చు లేదు కదా!

నాకు ఈ కథతో పేచీ ఉంది. అమ్మాయికి అడ్డంకి పుట్టిన ఇల్లేనన్నట్టు రాయడం వల్ల, బయట అడ్డుపడినవాళ్ళు చల్లగా తప్పుకుంటున్నారు.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి వంద మీటర్ల హర్డిల్స్‌ని 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, 2002లో అనూరాధా బిస్వాల్ నెలకొల్పినది. ఈ పరుగులో పది హర్డిల్స్ దాటాలి. ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు, రెండింటి మధ్య వేసేది మూడే అంగలు. ఇక్కడ సెకనులో మూడో వంతు తగ్గించడం వెనుక ఏళ్ళ తరబడి చేసిన సాధన ఉంటుంది. అయినా అది రికార్డు కాలేదు. ఆ పోటీలో ఆమెకు డోపింగ్ పరీక్ష చేయలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. ఆ పరీక్ష జరిపించడం, ఆ ప్రతినిధిని రప్పించడం పరుగెత్తే అమ్మాయి పనా?

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 సెకన్లకు పరుగెత్తితే అదీ చెల్లలేదు. గాలి వేగం సెకనుకి 2.1 మీటర్లు, అనుమతించేది 2.0. అది నియమం, దానితో నాకు తగువు లేదు. మర్నెల సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 తో చివరికి రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. అంటే పుస్తకంలోకి ఎక్కిన పరుగు, ఎక్కని పరుగు కంటే నెమ్మది!

జపాన్ స్కేటర్ మావో అసాదా 2005 డిసెంబరులో గ్రాండ్ ప్రి ఫైనల్ గెలిచింది. వయసు 87 రోజులు తక్కువైందని 2006 టురిన్ ఒలింపిక్స్‌కి ఆమెను అనుమతించలేదు. అన్యాయమో కాదో వాదించుకోవడానికి అక్కడ ఒక నియమమైనా ఉంది. మూడబిద్రిలో ఉన్నది ఖాళీ కుర్చీ.

స్త్రీల శ్రమ గురించి మనం ఏళ్ళుగా చెబుతున్నది ఇదే. ఇంటిచాకిరీ జాతీయాదాయంలో కనబడదు. ఎండలో రోజంతా మట్టి మోసినా మస్టరు పడకపోతే పనిచేయనట్టే. ఆటస్థలం ఇందుకు మినహాయింపు అని మనమెందుకు అనుకున్నాం?

2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో చైనా క్రీడాకారిణి వూ యాన్నీ తుపాకీ పేలకముందే కదిలితే, అధికారులు జ్యోతిని కూడా తప్పించబోయారు. ఆమె గీత దగ్గరే నిలబడి వాదించింది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు, తర్వాత వూని అనర్హురాలిగా ప్రకటించారు, మూడో స్థానంలో వచ్చిన జ్యోతికి రజతం దక్కింది. నోరు మూసుకుని పక్కకి వెళ్ళి ఉంటే? మన బళ్ళలో ఆడపిల్లకి నేర్పేది ముందుగా అదే కదా. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలో పాల్గొన్న తొలి భారతీయురాలిగా నిలిచింది, 2025లో ఆసియా టైటిల్ నిలబెట్టుకుంది. వాటికన్నా ఆ వాదనే నాకు ముఖ్యం.

కొవ్వూరులో తల్లుల సమావేశంలో ఈ సంగతులన్నీ చెబితే ఒకావిడ అడ్డుకుంది: "రికార్డులు తర్వాత సంగతండీ. ప్రాక్టీసుకని వంతెన దాటించి రాజమండ్రి పంపిస్తే, చీకటిపడ్డాక పిల్లని ఎవరు తీసుకొస్తారు?" సంప్రదాయం, వెనుకబాటు అని దీన్ని కొట్టిపారేసే మేధావులున్నారు. ఆవిడ అడిగింది బస్సు, దీపం, బాధ్యతగల మనిషి. ఖాళీ కుర్చీ అక్కడా ఉంది.

పై స్థాయిలో రికార్డు పోతే వార్త అయినా అవుతుంది. మండల స్థాయిలో ఫలితం కాగితం మీదకి రాకపోతే పిల్ల స్పోర్ట్స్ కోటా సీటు పోతుంది, వార్త కూడా ఉండదు. వచ్చే స్కూలు పోటీలకి మన సంఘాల నుంచి ఇద్దరేసి మైదానంలో కూచోవాలని నా ప్రతిపాదన. ఆడపిల్లల పరుగుకి టైము రాసేదెవరు, ఫలితాల కాగితం మీద సంతకం ఎవరిది, బట్టలు మార్చుకునే గది తాళంచెవి ఎవరి దగ్గరుంది, ముందు ఇవి రాసుకొద్దాం.