విడాకుల కేసు ఏ తీరాన వేయాలి? అండమాన్ తెలుగు కుటుంబాలకు చట్టం చూపుతున్న దారి

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురుగా, చాథమ్ జెట్టీ నుంచి ఫెర్రీలో కొద్ది నిమిషాల దూరంలో ఉంది బాంబూఫ్లాట్. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారిలో అనేకుల మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో ఉన్నాయి. పెళ్లి అక్కడ, కాపురం ఇక్కడ కావడం ఈ కుటుంబాలకు కొత్త కాదు. అందువల్ల దాంపత్యం చెడినప్పుడు తలెత్తే తొలి చిక్కు ఒకటే: న్యాయం కోసం ఏ ఊరి కోర్టుకు వెళ్లాలి?

హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం వివాహం జరిగిన చోట, ప్రతివాది నివసిస్తున్న చోట, లేదా దంపతులు చివరిసారిగా కలిసి కాపురం ఉన్న చోట పిటిషన్ వేయవచ్చు. 2003లో జరిగిన సవరణ దీనికి మరో కీలకమైన వెసులుబాటును జోడించింది. పిటిషనర్ భార్య అయితే, ఆమె నివసిస్తున్న చోటే కేసు దాఖలు చేయవచ్చు. భర్త స్వగ్రామానికి వెళ్లిపోగా బాంబూఫ్లాట్‌లో మిగిలిపోయిన మహిళకైనా, దీవుల నుంచి పుట్టింటికి చేరిన మహిళకైనా ఈ హక్కు సమానమే.

భర్తే ముందుగా ఆవలి తీరాన కేసు వేస్తే ఏమిటి? అండమాన్ దీవులు కలకత్తా హైకోర్టు పరిధిలోనివి. కనుక ఆంధ్రప్రదేశ్ కోర్టులోని కేసును ఇక్కడికి, ఇక్కడి కేసును అక్కడికి మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద సుప్రీంకోర్టును ఆశ్రయించాలి. ఇటువంటి పిటిషన్లలో భార్య ఎదుర్కొనే ఇబ్బందులకు సర్వోన్నత న్యాయస్థానం తరచుగా ప్రాధాన్యమిస్తూ వచ్చింది.

విడాకులు తేలేదాకా మనోవర్తి కోసం ఎదురుచూడనవసరం లేదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద గానీ, 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద గానీ మహిళ తానున్న చోటే దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ రెండూ మతంతో నిమిత్తం లేకుండా వర్తిస్తాయి. దరఖాస్తు చేసిన తేదీ నుంచే మనోవర్తి చెల్లించాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో స్పష్టం చేసింది.

దూరానికి, ఖర్చుకు వెరచి పెద్దల సమక్షంలో స్టాంపు కాగితంపై విడిపోయే పద్ధతి మాత్రం ప్రమాదకరం. ఆ కులంలో అటువంటి ఆచారం ఉన్నదని కోర్టులో నిరూపించగలిగితే తప్ప ఆ కాగితం చెల్లదు. దానిని నమ్మి చేసుకున్న రెండో వివాహమూ చెల్లకుండా పోతుంది. ఆ నష్టం ఎక్కువగా మోయవలసి వచ్చేది మహిళే.

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. దీనికోసం 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. చట్టం కోర్టును మహిళ ఉన్న తీరానికే చేర్చింది. ఆ సంగతి ఆమెకు చేరవలసింది ఆమె భాషలోనే. దీవులలో న్యాయ అవగాహన కార్యక్రమాలు తెలుగులోనూ క్రమం తప్పక జరిగితేనే ఈ హక్కుకు సార్థకత.