కష్టం పసిబిడ్డతో కాదు, పదిమందితో!

పసిబిడ్డతో వేగడం కష్టమని ఎవరన్నారో గాని, వాళ్ళు పసిబిడ్డను సరిగ్గా చూసి ఉండరు. పాపం, ఆ బిడ్డకు కావలసినవి ఎన్ని? పాలు, వెచ్చదనం, పొడిబట్ట, నిద్ర. నాలుగంటే నాలుగే! చీర కొనమనదు, సినిమాకి తీసుకెళ్ళమనదు, కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసెయ్యదు. అలాంటి బిడ్డ ఇంటికొచ్చిన మూడోవారానికల్లా తల్లి కళ్ళు ఎందుకు గుంటలు పడుతున్నాయి? పలకరిస్తే చాలు, ఎందుకు ఏడుస్తోంది? నేను చాలా ఇళ్ళల్లో చూసి తేల్చుకున్న సంగతి ఒక్కటే. ఆమెనలా చేసేది బిడ్డ కాదు, బిడ్డ చుట్టూ చేరిన పదిమంది. ఎవరికి కోపం వచ్చినా సరే, ఈ మాట చెప్పక తప్పదు.

ముందు లెక్క చూద్దాం. నేను చదివింది ఆర్ట్సే అయినా, ఈపాటి లెక్క నాకూ వచ్చు. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది. పదిసార్లే అనుకుందాం. తాగించి, భుజాన వేసుకుని తేన్పించేసరికి అరగంట. అంటే ఐదు గంటలు. గుడ్డలు మార్చడం, నీళ్ళు పొయ్యడం, జోకొట్టడం కలిపితే ఇంకో మూడు గంటలు. ఎనిమిది గంటల ఉద్యోగమన్నమాట! ఆదివారం లేదు, రాత్రి డ్యూటీ అదనం. బిడ్డ రోజులో పదహారు గంటలు నిద్రపోతుందన్న మాట నిజమే. కాని గంటకో రెండు గంటలకో ఒకసారి లేస్తూ పోయే నిద్ర అది.

దీనికి తోడు ఆపరేషన్లు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి నలభైరెండు కాన్పులు కోతలే. అపెండిసైటిస్ ఆపరేషన్ అయిన మగమనిషిని మనం నెలరోజులు మంచం దిగనివ్వం. కడుపు కోసి బిడ్డను తీసిన మనిషిని మాత్రం, "కాస్త కాఫీ పెట్టు తల్లీ, మీ పెదమావయ్యగారొచ్చారు" అంటాం!

ఇక ఆ పెదమావయ్యగారి సంగతి. చూడవచ్చేవాళ్ళకి వేళాపాళా ఉండదు. బిడ్డ అప్పుడే కన్నుమూసిందని తెలిసినా, "ఒక్కసారి లేపమ్మా, కళ్ళు చూస్తాం" అంటారు. బుగ్గలు పుణుకుతారు, ముద్దులు పెడతారు, వాళ్ళకు జలుబుంటే బిడ్డకీ ఇస్తారు. ఆ తరవాత ప్రశ్నలు మొదలు. "పాలు పడ్డాయా? సరిపోతున్నాయా? బిడ్డ బక్కగా ఉందేం?" ఈ మూడోప్రశ్నంత పాపిష్టి ప్రశ్న ఇంకోటి లేదు. పుట్టిన మొదటి రోజుల్లో ఏ బిడ్డయినా కొంచెం బరువు తగ్గుతుంది. రెండువారాలకల్లా మళ్ళీ పుంజుకుంటుంది. ఐదోరోజు దాటాక రోజుకి ఆరేడుసార్లు గుడ్డ తడుపుతుంటే పాలు అందుతున్నట్టే. ఇదంతా చెప్పేవాళ్ళుండరు. బక్కగా ఉందన్న ఒక్కమాట పట్టుకుని, ఆ పూటే డబ్బాపాలు తెచ్చేవాళ్ళు మాత్రం ఉంటారు. డాక్టరు చెప్తే డబ్బాపాలు పట్టొచ్చు, తప్పులేదు. కాని డబ్బాపాలకి ప్రకటనలు వెయ్యకూడదని 1992లో చట్టం చేశారు గదా, చుట్టాల నోటికి ఏ చట్టం తాళం వేస్తుంది చెప్పండి!

"మా రోజుల్లో మేం కనలేదా, పెంచలేదా? మాకెవరు చేశారు?" అంటారు పెద్దవాళ్ళు. చేశారండీ! మీకు చాలామందే చేశారు. తొలిచూలు పురుడు పుట్టింటివారిదే. మూడోనెలో ఐదోనెలో వచ్చి, బిడ్డనెత్తుకుని అత్తవారింటికి బయల్దేరేదాకా మీరు పొయ్యి ముఖం చూడలేదు. నీళ్ళుపోసే మనిషి ఒకరు, గుడ్డలుతికే మనిషి ఒకరు, రాత్రిళ్ళు బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చునే అమ్మమ్మ ఒకరు. పురుడు మైల అంటూ పదిరోజులు వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఆ మైల అనే మాట నాకు ససేమిరా నచ్చదు. కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి. పేరు మైలే అయినా, ఫలితం సెలవు! కూలినాలి చేసుకునే ఆడవాళ్ళకి ఆ సెలవు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. అది వేరే కథ, ఇంకా పెద్ద అన్యాయం.

మరి చదువుకున్న మనం ఏం చేశాం? ఆ ఆచారంలో మంచిసగం పారేసి, చెడ్డసగం భద్రంగా దాచుకున్నాం. విశ్రాంతి పోయింది. బాలింత నీళ్ళు తాగకూడదన్న ఆంక్ష మిగిలింది. పాలిచ్చే మనిషికి దాహం వేస్తుందయ్యా మహాప్రభో! డాక్టరు తాగమన్నాక కూడా చెంబు దాచేస్తే ఎలా? నీళ్ళుపోసే మనిషి పోయింది. బిడ్డ ముక్కులో నూనె చుక్కలు వెయ్యడం మిగిలింది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదమని డాక్టర్లు మొత్తుకుంటున్నా వినం. అమ్మమ్మ ఒడి పోయింది, సాంబ్రాణి పొగ మిగిలింది. కిటికీలు మూసిన చిన్న ఫ్లాటులో ఆ పొగకి పెద్దవాళ్ళమే దగ్గుతున్నాం, పసిగుడ్డు సంగతి చెప్పాలా?

పతిదేవుల దగ్గరికొద్దాం. "నేను మా ఆవిడకి చాలా సాయం చేస్తానండీ" అంటాడు ఈకాలపు కుర్రవాడు, మెడల్ కోసం మెడ చాస్తూ. సాయమేమిటి నాయనా? పక్కింటివాళ్ళు చేస్తే సాయం. నీ బిడ్డ గుడ్డ నువ్వు మార్చడం సాయమెలా అవుతుంది? 2024లో కేంద్రప్రభుత్వం జనం రోజంతా ఏం చేస్తున్నారో సర్వే చేయించింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు అందులోనే గడుపుతుంటే, చేసే మగవాళ్ళు 88 నిమిషాలట. అదీ చేసే మగవాళ్ళ లెక్క! చెయ్యనివాళ్ళు ఆ లెక్కలోకి రానేరారు.

సెలవుల్లోనూ ఇదే తంతు. ఉద్యోగం చేసే తల్లికి 2017లో చట్టం సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాల జీతం సెలవు ఇచ్చారు. సంతోషం. కేంద్రప్రభుత్వంలో పనిచేసే తండ్రికి 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి ఇన్నిరోజులు ఇచ్చి తీరాలని దేశమంతటికీ ఒక చట్టమంటూ లేదు. పోనీ ఇచ్చినచోట ఏం వెలగబెడుతున్నారు? నాకు తెలిసిన ఒకబ్బాయి తన పదిహేను రోజుల సెలవూ బారసాల హాలు మాట్లాడ్డానికీ, ఫోటోలవాణ్ణి కుదర్చడానికీ ఖర్చుపెట్టాడు. పెళ్ళాం పదిహేను రాత్రులూ ఒంటరిగా కూర్చుని బిడ్డను జోకొట్టింది.

తిట్టడం తేలిక, దారి చూపించండి అంటారా? చూపిస్తాను. మొదటిది, సాయం మానేసి బాధ్యత పంచుకోండి. పాలివ్వడం ఆమె పని. తేన్పించడం, గుడ్డ మార్చడం, వెల్లకిలా పడుకోబెట్టడం ఆయన పని. మళ్ళీ పాలవేళ వచ్చేదాకా కొంప మునిగినా ఆమెను లేపకూడదు. గుడ్డలుతకడం, ఆరెయ్యడం, మడతపెట్టడం పూర్తిగా ఒకరి ఖాతా. "ఏం చెయ్యమంటావో చెప్పు" అని అడిగే మగవాడు, చెప్పే పనినికూడా ఆమెకే అంటగడుతున్నాడని గ్రహించాలి.

రెండోది, బారసాల. మూడువందల మందికి పాతిక వంటకాలతో భోజనం పెట్టే డబ్బుతో, మూడునెలలపాటు వంటకీ గుడ్డలకీ మనిషిని పెట్టుకోవచ్చు. పేరు పెట్టడానికి కావలసింది బియ్యం పోసిన పళ్ళెం, నలుగురు అయినవాళ్ళు. అంతే!

మూడోది, ఇల్లు. మూడునెలలపాటు ఒక కూర, ఒక చారు చాలు. బూజులు ఎక్కడికీ పోవు, తరవాత దులుపుకోవచ్చు. "నిద్రపోతోంది, రేపు రండి" అని వాకిట్లో చెప్పగల గట్టిమనిషి ఒకరుండాలి. ఆ పని అత్తగారు చేస్తే, ఆ కోడలు జన్మంతా మరిచిపోదు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. బిడ్డకు రోజుకి పదిసార్లు దిష్టి తీస్తాం గాని, తల్లి ముఖం ఒక్కసారైనా చూస్తున్నామా? కాన్పయిన మొదటి రెండువారాల్లో ఊరికే దుఃఖం పొంగుకురావడం చాలామందికి ఉన్నదే. రెండువారాలు దాటినా ఆ దిగులు తగ్గకపోతే, వీలున్నా నిద్ర పట్టకపోతే, బిడ్డమీదికి మనసు పోకపోతే, అది పొగరూ కాదు, గాలీధూళీ కాదు. జబ్బు. దానికి వైద్యం ఉంది. తాయెత్తు కట్టకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇదంతా ఎన్నాళ్ళు? మామూలుగా బిడ్డ ఏడుపు ఆరోవారం దాకా పెరిగి, మూడు నాలుగు నెలలకి నెమ్మదిస్తుంది. అంటే మనం అడుగుతున్నది వంద రోజులు! ఒక పూట పెళ్ళికి ఆరునెలలు అటూఇటూ పరుగెత్తే జాతి మనది. వందరోజులు ఒక ఆడపిల్లను పడుకోనివ్వలేమూ?

అందుకని సోదరీమణులారా, ఈసారి బిడ్డను చూడ్డానికి వెళ్ళేటప్పుడు వెండిగిన్నె కొనకండి. ముందు ఫోన్ చేసి, క్యారియర్లో ఇంత పప్పూ కూరా తీసుకెళ్ళండి. చేతులు కడుక్కుని, సింకులో గిన్నెలు కనిపిస్తే కొంగు బిగించి తోమేసి, మీ కాఫీ మీరే కలుపుకుని, ఆ తల్లికీ ఒక గ్లాసు ఇచ్చి, పావుగంటలో లేచిరండి. బిడ్డది ఎవరి పోలికో తరవాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.