మోవాను తిరిగి తేవడమంటే ఏమిటి?

న్యూజిలాండ్ అడవుల్లో ఒకప్పుడు తిరిగిన మోవా అనే మహాపక్షిని మళ్లీ పుట్టిస్తామని అమెరికాకు చెందిన కొలోసల్ బయోసైన్సెస్ 2025 జులైలో ప్రకటించింది. సినీ దర్శకుడు పీటర్ జాక్సన్ అండగా నిలిచారు. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల్లోని న్గాయ్ తాహు తెగ పేరిట ఉన్న పరిశోధన కేంద్రం ఈ పనికి దిశానిర్దేశం చేస్తుందని సంస్థ చెప్పింది. ఆ పక్షి ఎలా పోయిందో తెలిస్తే తప్ప ఈ ప్రకటన విలువ తేలదు.

మోవాల్లో తొమ్మిది జాతులుండేవి. అన్నింటిలోకీ పెద్దదైన దక్షిణ దీవి మోవాలో ఆడది మెడ నిక్కిస్తే సుమారు మూడున్నర మీటర్లు, బరువు 200 కిలోల పైమాట. మగది అందులో సగం కూడా తూగేది కాదు. ఎగరలేని మిగతా పక్షులకు చిన్నదో పెద్దదో రెక్క ఆనవాలు ఉంటుంది. మోవా అస్థిపంజరంలో రెక్క ఎముకే లేదు. ఆ దీవుల్లో జింకలూ మేకలూ లేవు కాబట్టి ఆకు మేసే పని, గింజలు చల్లే పని ఈ పక్షులదే. గుహల్లో ఎండి మిగిలిన వాటి పెంటికల్లో గింజలు, శిలీంధ్రాల ఆనవాళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. మనిషి రాకముందు పెద్ద మోవాకున్న భయం ఒక్కటే, పైనుంచి విరుచుకుపడే హాస్ట్ గద్ద.

13వ శతాబ్దం చివర్లో మావోరీల పూర్వీకులైన పాలినేషియన్లు పడవల్లో వచ్చి స్థిరపడ్డారు. సుమారు 150 ఏళ్లలో మోవాలన్నీ మాయమయ్యాయి. తిండి కరవై హాస్ట్ గద్ద కూడా పోయింది. అప్పటి జనాభా రెండు మూడు వేలకు మించదని ఒక అంచనా. అంత కొద్దిమంది వేటకే ఇంత జరగడానికి కారణం వాటి పునరుత్పత్తిలో ఉంది. పెట్టేది ఒకటో రెండో గుడ్లు. కొన్ని జాతులు పూర్తిగా ఎదగడానికి పదేళ్ల దాకా పట్టేదని ఎముకల్లోని వలయాలు చెబుతున్నాయి. చచ్చినంత వేగంగా అవి పుట్టలేకపోయాయి. అయితే ఈ దీవుల పక్షులు అంతరించినందుకు మావోరీలను మాత్రమే తప్పుపట్టడం అన్యాయం. ఐరోపావారి పిల్లులు, ఎలుకలు, ముంగిసను పోలిన స్టోట్‌లు, తుపాకులు ఆ తర్వాత మరెన్నో పక్షులను తుడిచిపెట్టాయి. హుయా పక్షి నమ్మదగ్గ రీతిలో చివరిసారి కనిపించింది 1907లో.

ఇక ప్రయోగశాల సంగతి. మోవాకు బతికున్న దగ్గరి చుట్టం దక్షిణ అమెరికాలోని టినము. కౌజులాంటి ఆ చిన్న పక్షి ఎగరగలదు, పైగా ఆ రెండింటి వంశాలూ విడిపోయి కోట్ల ఏళ్లయింది. వేరే పక్షి జన్యువుల్లో మార్పులు చేసి పొదిగించినది మోవాలా కనిపించవచ్చు, మోవా మాత్రం కాదు. ఇదే సంస్థ అంతరించిన డైర్ వుల్ఫ్ అనే తోడేలును తిరిగి తెచ్చామన్నప్పుడు జరిగిందీ అంతే: బూడిదరంగు తోడేలు జన్యువుల్లో చేసిన 20 మార్పులవి.

తమ పరిశోధన బతికున్న జీవులకూ మేలు చేస్తుందని సంస్థ వాదన. ఆ మేలు నేరుగా చేసే దారి న్యూజిలాండ్‌లోనే ఉంది. ఎగరలేని చిలుక కాకాపో 1995లో 51 మాత్రమే మిగిలింది. శత్రుజీవులు లేని దీవులకు తరలించి, ప్రతి పక్షికీ పేరు పెట్టి, ట్రాన్స్‌మిటర్ కట్టి కాపాడారు. ఇప్పుడవి 200 దాటాయి. అంతరించిందనుకున్న టకాహే పక్షి 1948లో కొండల్లో కనిపించింది. దాన్నీ అదే ఓపికతో నిలబెట్టారు. దాతలు డబ్బు పెట్టాల్సింది ముందుగా ఈ పనికే. మోవా వంతు ఆ తర్వాత.