కూరకి కాదు... కోడికి దూరం!

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ అపార్ట్‌మెంటుకెళ్లినా అమెరికాలో పిల్లలున్న అమ్మానాన్నలు కనిపిస్తారు. కోడలి పురిటికో, మనవడి పుట్టినరోజుకో బయల్దేరేటప్పుడు వాళ్ల పెట్టెలోకి ఆవకాయతో పాటు కోడి పచ్చడి కూడా చేరుతుంది. ఆ సీసాను ఇంట్లోనే వదిలేయడం మేలు. ఇక్కడ వండిన కోడిమాంసాన్ని అమెరికా కస్టమ్స్ అనుమతించదు. పశుపక్ష్యాదుల జబ్బులు సరిహద్దు దాటకూడదని ఆ జాగ్రత్త. అలాంటి జబ్బుల్లో బర్డ్ ఫ్లూ ఒకటి.

ఇదేదో పరాయి దేశాల గొడవ అనుకోవద్దు. 2015 ఏప్రిల్‌లో ఎల్‌బీ నగర్ అవతల హయత్‌నగర్ మండలం తొర్రూరులో కోళ్లకు ఇదే సోకింది. వేలాది కోళ్లను చంపి పూడ్చాల్సి వచ్చింది. 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాపను బలి తీసుకుందీ ఇదే. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు.

బర్డ్ ఫ్లూ మనుషులకు తేలిగ్గా అంటదు. అంటితే మాత్రం ప్రాణాంతకం. 2003 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకెక్కిన హెచ్5ఎన్1 రోగుల్లో దాదాపు సగం మంది చనిపోయారు.

అలాగని ప్రయాణం మానుకోనక్కర్లేదు. చికెనూ మానక్కర్లేదు. ముక్క లోపలిదాకా ఉడికితే వైరస్ చచ్చిపోతుంది. సగం ఉడికిన గుడ్డు మాత్రం వద్దు. వియత్నాం, కంబోడియా వెళ్తే బతికున్న కోళ్లూ బాతులూ అమ్మే సంతల్లోకి సరదాకైనా వెళ్లకండి. చచ్చిన పక్షిని పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. అమెరికాలో 2024లో పాడి ఆవులకూ ఈ వైరస్ సోకింది, పచ్చి పాలలోనూ కనిపించింది. దుకాణాల్లో అమ్మే పాశ్చరైజ్ చేసిన పాలతో భయం లేదు. పల్లెల్లో నేరుగా ఫారంలో కొంటే, మన ఇంట్లోలాగే పొంగేదాకా కాచాల్సిందే.

తిరిగొచ్చాక పది రోజుల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే 'విమానంలో ఏసీ పడలేదు' అని సరిపెట్టుకోకండి. ఎక్కడికి వెళ్లొచ్చారో, కోళ్ల దగ్గరకు వెళ్లారో లేదో డాక్టరుకు మీరే చెప్పండి. మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

పిల్లలు సెలవులకు ఇక్కడికి వచ్చినా ఇదే మాట. 2024 ఫిబ్రవరిలో కోల్‌కతా వచ్చిన ఓ చిన్నారి మార్చి 1న ఆస్ట్రేలియా చేరింది, మర్నాడే ఆస్పత్రిపాలైంది. బర్డ్ ఫ్లూ అని తర్వాత తేలింది. ఐసీయూలో ఉండి, కోలుకుని ఇంటికెళ్లింది. అమ్మమ్మగారింటికి వచ్చే మనవలకు కోడికూర కమ్మగా వండిపెట్టండి. కానీ కోడిని కోయించేచోటికి మాత్రం వాళ్లను వెంట తీసుకెళ్లకండి.