కనబడే చోటే ఈ అతుకు

ఆర్వో ఫిల్టరు మార్చడానికి వచ్చిన కుర్రవాడి చేతులు గమనించినవారికి పుష్-ఫిట్ కనెక్టర్ కొత్త వస్తువేమీ కాదు. పావు అంగుళం గొట్టం మొదట్లో ఉన్న చిన్న క్లిప్పు లాగేసి, కాలరును వేలితో లోపలికి నొక్కిపట్టి గొట్టం ఊడదీస్తాడు. కొత్త ఫిల్టరులోకి అదే గొట్టం తోసేస్తాడు. పానా అక్కర్లేదు, సొల్యూషన్ అక్కర్లేదు. ఇదే కిటుకును అరంగుళం, ముప్పావు అంగుళం పైపులకు పెంచితే అమెరికాలో షార్క్‌బైట్, బ్రిటన్‌లో స్పీడ్‌ఫిట్ పేర్లతో అమ్మే జాయింట్లు అవుతాయి. మన ఇళ్లలో మరమ్మతులకు అవి పనికొస్తాయా అంటే నిక్షేపంగా పనికొస్తాయి. గోడ లోపల మాత్రం వద్దు. ఈ ఒక్క షరతు దగ్గరే అమెరికా వాళ్ల సలహాను మనం పక్కన పెట్టాలి.

సీపీవీసీ పైపు చిట్లితే మామూలుగా ఆ ముక్క కోసేసి, కప్లింగుకు సొల్యూషన్ రాసి అతికిస్తారు. పైపు పొడిగా ఉంటేనే అది పట్టుకుంటుంది. తీరా చూస్తే ట్యాంకు కింద గేట్ వాల్వు ఏళ్ల తరబడి తిప్పక బిగుసుకుపోయి ఉంటుంది, లేదా లోపల అరిగిపోయి పూర్తిగా మూసుకోదు. కోసిన పైపులోంచి సన్నటి ధార కారుతూనే ఉంటుంది. అప్పుడు ట్యాంకంతా ఖాళీ చేయాలి, లేదంటే గుడ్డ కుక్కి గబగబా అతికించాలి. గబగబా వేసిన అతుకు ఎన్నాళ్లుంటుందో అందరికీ తెలిసిందే. బాగా అతికినా, నీళ్లు వదలడానికి గంటల తరబడి ఆగాలి. పుష్-ఫిట్‌కు తడితో పేచీ లేదు. లోపలి స్టెయిన్‌లెస్ స్టీలు పళ్ల రింగు పైపును వెనక్కి రానివ్వదు, దాని వెనకున్న రబ్బరు ఓ-రింగు నీటిని ఆపుతుంది. తోసిన వెంటనే వాల్వు తిప్పుకోవచ్చు.

రబ్బరు రింగు ఒత్తిడికి ఆగుతుందా అన్నది మొదటి అనుమానం. పది మీటర్ల ఎత్తున ట్యాంకు ఉన్నా కింది కుళాయి దగ్గర ఒత్తిడి ఒక బార్, అంటే దాదాపు 14 పీఎస్ఐ. షార్క్‌బైట్ జాయింటును 200 పీఎస్ఐకి, 93 డిగ్రీల వేడికి తయారు చేస్తారు. ప్రెషర్ పంపు పెట్టిన ఇంట్లో ఒత్తిడి పెరిగినా ఆ హద్దుకు చాలా దూరమే. గీజరు నీళ్లూ అంతే.

అసలు బలహీనత దాని సులువులోనే ఉంది. పైపు ముందు పళ్ల రింగును దాటాలి, తర్వాత ఓ-రింగును దాటాలి, చివరికి లోపలి గట్టుకు ఆనాలి. పళ్లు పట్టుకోగానే చేతికి బిగువు తెలుస్తుంది, లాగితే రాదు. పని అయిపోయిందనిపిస్తుంది. పైపు కొస మాత్రం ఇంకా ఓ-రింగు దగ్గరే ఆగి ఉండొచ్చు. అందుకే తోసే ముందు లోతు కొలిచి పైపు మీద మార్కరుతో గీత పెట్టుకోవాలి. అరంగుళం సైజుకు అది సుమారు ఒక అంగుళం. తోశాక గీత కాలరు అంచుకు రాకపోతే పైపు లోపలిదాకా వెళ్లనట్టే. హ్యాక్సాతో వంకరగా కోసిన పైపు గట్టుకు సరిగ్గా ఆనదు. కోసిన చోట మిగిలే నూగు ఓ-రింగును గీరేస్తుంది. దాన్ని చాకుతోనో గరుకు కాగితంతోనో తీసేయాలి. జారుతుందని గ్రీజు రాసేవారికి ఒక మాట: పెట్రోలియం గ్రీజు తగిలితే ఈ రబ్బరు ఉబ్బిపోతుంది.

ఇప్పుడు గోడ సంగతి. అమెరికాలో చాలాచోట్ల ప్లంబింగ్ కోడ్‌లు వీటిని గోడల వెనక కూడా ఒప్పుకుంటాయి. అక్కడి గోడ జిప్సం పలక. కారితే ఆ మేరకు కోసి, మళ్లీ పలక బిగించి రంగేస్తారు. మనది ఇటుక, సిమెంటు, పైన టైల్స్. ఒక్క జాయింటు చూడాలంటే నాలుగు టైల్స్ పగలగొట్టాలి, అదే డిజైను ఇంకా అమ్ముతున్నారో లేదో వెతుక్కోవాలి. పైగా జాయింటును పూడ్చేటప్పుడు సిలికాన్ టేపు చుట్టమని తయారీదారులే చెబుతారు. గాడిలో సిమెంటు మెత్తే హడావిడిలో ఆ టేపు ఎవరికి గుర్తుంటుంది? గోడ లోపల సొల్యూషన్‌తో అతికించి, పరీక్షించి పూడ్చిన జాయింటే మేలు. సింకు కింద, గీజరు పక్కన, ట్యాంకు దగ్గర, డక్టులో మాత్రం పుష్-ఫిట్‌కు సాటి లేదు. కారినా కంటికి కనబడుతుంది, కాలరు నొక్కి తీసి మళ్లీ వేసుకోవచ్చు.

ధర ఎక్కువన్నది నిజమే, మామూలు సీపీవీసీ కప్లింగుకు ఎన్నో రెట్లు. ఇల్లంతా వీటితోనే పైపులు వేయమని ఎవరూ అనడం లేదు కదా. ప్లంబర్ పొట్ట కొడుతుందనే మాటలో పస లేదు. రాత్రిపూట ధార ఆపుకుంటే మర్నాడు అతను తీరిగ్గా వచ్చి శాశ్వతంగా చేసుకుంటాడు. చిక్కల్లా సైజుతోనే. సీపీవీసీ అరంగుళం పైపు బయటి కొలత 15.9 మిల్లీమీటర్లు. తెల్ల యూపీవీసీ ప్లంబింగ్ పైపు, పాత జీఐ పైపు పేరుకు అరంగుళమే, బయటి కొలత మాత్రం 21.3. వాటి మీద ఈ కనెక్టరు ఎక్కనే ఎక్కదు. అందుకని దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లో పైపు మీది అచ్చు చూసుకోవాలి. సీపీవీసీ, ఐఎస్ 15778 అని ఉంటే, కోసిన ముక్క ఒకటి చేత పట్టుకెళ్లి కౌంటరు దగ్గరే తోసి చూడటం ఇంకా మంచిది.