బలం తేలాల్సింది సభలోనే

తిరుపతి, చిత్తూరు ఓటర్లారా, ఈ మాట కాస్త చెవిన పెట్టండి. బూత్‌లో భద్రంగా వేసిన ఓటు ఆ తర్వాత గవర్నర్ భవనంలో చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. మన రాష్ట్రంలో అది ఒకసారి జరిగింది.

1983లో తిరుపతి ఎన్టీ రామారావును గెలిపించింది. మరుసటి ఏడు ఆయన అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చీ రాగానే, ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన్ను ముఖ్యమంత్రి పదవి నుంచి తొలగించారు. ఆ స్థానంలో నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. సభలో బలం చూపిస్తానని రామారావు అన్నా వినలేదు. ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి కాపాడుకోవలసి వచ్చింది. జనం నెల రోజులు రోడ్లెక్కితేగానీ, సెప్టెంబరు 16న ఆయన పదవి ఆయనకు దక్కలేదు. ప్రతిసారీ జనం అలా కదులుతారన్న భరోసా ఏది?

ఇంకా వెనక్కి చూడండి. చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. 1939 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేయగానే బ్రిటిష్ రాజు ప్రతినిధిగా గవర్నరే పాలన చేతిలోకి తీసుకున్నాడు. 1946 దాకా మన జిల్లా గోడు వినే మంత్రి లేడు.

మన తిరుచానూరు బిడ్డ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ సభ్యుడిగా ఉన్న రాజ్యాంగ సభ, ఎన్నికైన గవర్నర్ వద్దనుకుంది. నియమించిన గవర్నర్ చాలనుకుంది. కెనడా ప్రావిన్సుల్లో రాజు ప్రతినిధికి లాగే ఇక్కడా సంతకం గవర్నర్‌ది, నిర్ణయం మంత్రివర్గానిది. ఆ హద్దు చెరిగితే ఓటు వేయించుకోని మనిషి మనల్ని ఏలుతాడు.

ఆ హద్దు చెరుగుతున్న గుర్తులు కనిపెట్టండి. ఎమ్మెల్యేలను బస్సులెక్కించి రిసార్టులకు తీసుకెళితే జాగ్రత్త. తలలు గవర్నర్ భవనంలో లెక్కిస్తే జాగ్రత్త. సభను పిలవమని మంత్రివర్గం కోరినా జాప్యం జరిగితే జాగ్రత్త. సభ ఆమోదించిన బిల్లు నెలల తరబడి కదలకపోతే మరీ జాగ్రత్త. పక్కనే తమిళనాడు ఈ బాధ పడింది. గవర్నర్‌కు కోర్టులు గడువు పెట్టలేవని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. బిల్లును అంతూపొంతూ లేకుండా ఆపకూడదని కూడా అదే కోర్టు చెప్పింది. గడువు లేనిచోట కాపలా మనదే.

చేతిలో ఆయుధం లేకపోలేదు. ప్రభుత్వ బలం సభలోనే తేలాలని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ నేర్పండి.

ఒక్కటే బతిమాలుకుంటున్నాను. గవర్నర్ హద్దు దాటిన రోజు, మీ పార్టీకి లాభం కలిగిందని ఊరుకోకండి. ఈరోజు ఎదుటి పార్టీకి పట్టిన గతి రేపు మీకూ పడుతుంది. ఎవరి ప్రభుత్వం కూలుతున్నా మీ ఎమ్మెల్యేను నిలదీయండి: సభలో ఓటింగ్ ఎప్పుడు?